అరకు కొండలకు పోవు త్రోవలు

మన ప్రబంధములలో కొండకు ప్రయాణమైన వారిలో అగ్రగణ్యుడు అల్లసాని పెద్దనగారి ప్రవరుడు. సిద్ధుడొసగిన పసరు పాదములకు పూసికొని నిమిషములో హిమవంతము చేరెను. పోవుట యంత సులభముగా జరిగినది. మంచు తగిలి పసరు కరగిపోయిన పిమ్మట గాని మరలివచ్చు దారి సంగతి యాతనికి తెలిసిరాలేదు. చిన్ననాట మా తాతగారు నాకీ ఘట్టము చెప్పుచు, "అమ్మాయీ, పోవు బండి యొక్కటే కాదు, వచ్చు బండి కూడ కనుగొని మఱీ బయలుదేఱవలెను" అని నవ్వుచుండెడివారు. అరకు ప్రయాణమునకు మూట కట్టిన ప్రతి పర్యాయమును ఆ మాట నాకు పనికివచ్చినది.

అరకు అనగానే మనలో ననేకులకు అద్దెకారు, పురుషుల తొందర, నాలుగుచోట్ల దిగి ఫోటోలు తీయించుకొనుట, చీకటిపడక మునుపే కొండ దిగుట జ్ఞప్తికి వచ్చును. కారు లేనివారు ఆ కొండలు తమకు ప్రాప్తము లేదనుకొందురు. మా యింట కారు లేదు. బడిపంతులుగారి సంసారములో పిల్లల చదువు, అత్తగారి మందులు పోను మిగులునది రైలు టిక్కెట్టుకే సరిపోవును. కాబట్టి మేము రైలుమీదను, బస్సుమీదను, షేరు జీపులమీదను ఆ కొండలకు పోయితిమి. కొండ యనగా కారు కిటికీలోనుండి కనబడునది కాదు గదా. బండి నిలిచిపోయి, ఇక కాళ్ళే గతియైన చోటినుండి అసలు కొండ మొదలగును. ఆ చోటు వఱకు ఇల్లాండ్రు తమంతట తాము ఎట్లు చేరవచ్చునో చెప్పుటయే నా యుద్దేశము. కారుగల సోదరీమణులకు కూడ ఇందు రెండు మూడు మాటలు లేకపోలేదు.

అరకు లోయ తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. చుట్టును గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట మొదలగు కొండలు కోటగోడలవలె నిలిచియుండును. పూర్వమిది విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినది. ఈ జిల్లాలోని సీతమ్మకొండ, దానినే అర్మకొండ యనియు నందురు, సుమారు 1,680 మీటర్లు. సరిహద్దున కావల ఒడిశా రాష్ట్రమునందలి కోరాపుట్టు జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. రెంటిలో నేది పెద్దదని కాలేజి పిల్లలు వాదులాడుట నేను బస్సులో వింటిని. ఎనిమిది మీటర్లకొఱకు అంత రభస యేల? మా పెరటి కొబ్బరిచెట్టే అంతకన్న ఎత్తుండును.

తొలిసారి పోవువారు రైలునందే పోవలెనని నా మతము. కొత్తవలసవద్ద పెద్ద లైనును విడిచి, కొండలెక్కి, ఛత్తీసుగఢములోని కిరండూలు వఱకు పోవు నీ మార్గము సుమారు 445 కిలోమీటర్ల పొడవుగలది. 1960వ దశకమున దీనిని నిర్మించినది మనవంటి విహారులకొఱకు గాదు. బైలదిల్లా కొండల యినుపరాతిని విశాఖ రేవునకు దింపి జపాను దేశమునకు పంపుటకు. నేటికిని ఈ దారిలో ఎదురువచ్చునవి చాలవఱకు ఇనుపరాతి గూడ్సుబండ్లే. వానికి త్రోవ యిచ్చుటకై మన బండి చిన్న స్టేషనులలో ఊరక నిలుచుండును. అప్పుడు విసుగుకొనరాదు. బండి మనది కాదు, దారియు మనది కాదు. ఇనుపరాయి దయతలచి మనలను తీసికొనిపోవుచున్నది. మార్గమంతటను 58 సొరంగములున్నవి. అరకు వఱకు వచ్చునవి లెక్కించు పనిని మా పిల్లలిద్దఱికి అప్పగించితిని. ఇద్దఱి లెక్కలు కలియలేదు. ఆ తగవు ఇంటికి వచ్చిన పిమ్మట గూడ నాలుగు దినములు సాగినది.

కిరండూలు పాసెంజరు విశాఖపట్టణములో ఉదయము ఏడు గంటలలోపుననే బయలుదేఱి మధ్యాహ్నమునకు ముందు అరకు చేర్చును. వేళలు అప్పుడప్పుడు మాఱుచుండును గనుక ముందునాడు స్టేషనులో విచారించుకొనుట మంచిది. 2017 ఏప్రిలు నెలనుండి ఈ మార్గమున విస్టాడోమను అద్దాల పెట్టె నడపనారంభించిరి. అందు పైకప్పునకు గూడ గాజు పలకలుండును. కుర్చీలు ఇటు నటు త్రిప్పుకొనవచ్చును. వెల హెచ్చు, చోట్లు కొలది, ముందుగా రిజర్వు చేయింపక దొరకవు. ముసలివారు, మోకాళ్ళ నొప్పులవారు వెంట నున్నప్పుడు దానిని కొనవచ్చును. నాకు మాత్రము సాధారణపు పెట్టెలో కిటికీ ప్రక్కనే హాయి. కొండగాలి మొగమునకు తగులును. శృంగవరపుకోటలోను బొడ్డవరలోను తట్టలతో నెక్కు స్త్రీలు ఏ ఊరికి ఏ త్రోవయో, ఏ వాగు నిండినదో, ఏ నాడు ఎక్కడ సంతయో చెప్పుదురు. నేను నేర్చిన భూగోళములో సగము ఆ పెట్టెలో నేర్చినదే.

బొడ్డవర వఱకు నేల యించుమించు చదునుగా నుండును. శివలింగపురము మొదలు కొండ యెక్కుట. తైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, సిమిలిగూడ, అటుపిమ్మట అరకు. వీనిలో ప్రతి స్టేషనునుండియు ఏదో యొక కాలిబాట కొండలోనికి పోవుచునే యుండును. తైడావద్ద పర్యాటకశాఖవారి బసలున్నవి. చెట్ల నడుమ ప్రొద్దున్నే నడచి పక్షుల కూతలు వినగోరువారికి అది తగిన చోటు. సిమిలిగూడ 996 మీటర్ల యెత్తున నున్నది. దేశములోని బ్రాడుగేజి స్టేషనులలో నిదియే మిక్కిలి యెత్తయినదని చాలకాలము చెప్పుకొనిరి. కాశ్మీరములో బ్రాడుగేజి పడిన పిమ్మట ఆ పేరు పోయినను బోర్డుచెంత నిలిచి ఫోటో తీయించుకొనువారు తగ్గలేదు. ఇచట నొక హెచ్చరిక. కోరాపుట్టు జిల్లాలో సెమిలిగుడ యను పట్టణము వేఱొకటి కలదు. దేవమాలి కొండకు పోవువారు దిగవలసిన ప్రాంతమది. పేర్ల పోలికచేత ఒకదానికి బదులొకటి యడిగి టిక్కెట్టు కొన్నవారు నడి కొండలో దిగి దిక్కులు చూడవలసివచ్చును.

మఱియొక మాట. యువకులు కొందఱు ఈ కొండలలో రైలుపట్టాల వెంబడి, సొరంగముల గుండ నడచుటయే సాహసమని తలంచుచున్నారు. పట్టాలపై నడచుట రైల్వే చట్టప్రకారము నేరము. అంతకన్న ముఖ్యమేమన, సొరంగములో గూడ్సుబండి వచ్చినచో ప్రక్కకు తప్పుకొనుటకు తావు చాలదు. మలుపు వలన చప్పుడు ముందుగా వినబడదు. మీ తమ్ములో, మఱదులో ఇట్టి ఆలోచన చెప్పినచో చెవిమెలిపెట్టి మాన్పింపుడు.

బొర్రాలో దిగినవారికి గుహలు నడక దూరమే. గుహలు సున్నపురాతివి. గోస్తనీనది నీరు వేలకొలది యేండ్లు రాతిని కరగించి తొలచిన మందిరములవి. రైలుమార్గము వానిమీదుగనే పోవును. క్రిందనున్నవారికి మీది బండి సంగతియే తెలియదు. లోపల నెఱుపు, పచ్చ, నీలి దీపములు పెట్టినారు. రాతి రంగే యెంతో సొంపుగా నుండగా ఆ నాటకరంగపు వెలుగు లేల పెట్టిరో నాకు తెలియకున్నది. ఆవు పొదుగువంటి రాతినుండి జాఱిన ధార గావున గోస్తని యని పేరు వచ్చినదందురు. ఈ యేఱే దిగువకు పోయి తాటిపూడి చెఱువు నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును.

బొర్రానుండి కటికి జలపాతమునకు జీపులు పోవును. దారి రాళ్ళమయము, జీపు కొంతవఱకే పోవును, మిగిలినది కాలినడక. ఇక్కడ బేరము జాగ్రత్తగా మాటాడుకొనవలెను. పోవుటకెంత యని కాదు, పోయి, అచట ఇంతసేపు నిలిచి, మరల స్టేషనునకు దింపుటకెంత యని యడుగవలెను. ఒంటరిగా ఇద్దఱు మువ్వురు స్త్రీలు పోవునపుడు మఱియొక కుటుంబముతో కలిసి జీపు మాటాడుకొన్నచో వెలయు తగ్గును, ధైర్యమును హెచ్చును.

గత మార్గశిరమున మేమైదుగురము, అనగా మా అత్తగారు, మావారు, పిల్లలు, నేను, అట్టి జీపులోనే పోయితిమి. అత్తగారు నడువలేనని జీపుచెంత నొక బండమీద కూర్చుండిరి. మేము జలపాతము చూచి వచ్చునప్పటికి ఆమె ప్రక్కన నలుగురు మగవారు ఒక డోలీ దింపియుండిరి. రెండు చివరలకు దుప్పటి కట్టిన పొడుగాటి వెదురుగడ. ఆ దుప్పటిలో నిండు చూలాలు. పైనున్న గూడెమునుండి తెల్లవాఱుజామున బయలుదేఱిరట. నొప్పులు పట్టి రాత్రియంతయు గడచినది. 108 బండి పెద్దరోడ్డువద్దకు వచ్చి నిలిచియున్నది గాని ఆ రాళ్ళ దారిలో పైకి రాలేదు. నేను నోరు తెఱచునంతలోనే అత్తగారు జీపులోని మా సంచులన్నియు నేలమీదకు దింపించిరి. డ్రైవరుతో, "నాయనా, ముందు ఈ పిల్లను దింపిరా, మేమెక్కడికి పోదుము" అనిరి. తన శాలువ తీసి ఆమె నడుముక్రింద మడిచి పెట్టిరి. చూలాలి తల్లికి తెలుగు కొలదిగా వచ్చును, మా అత్తగారికి వారి భాష బొత్తిగా రాదు. అయినను నడుము నెటుల ఒత్తవలెనో ఒకరికొకరు చెప్పుకొనగలిగిరి.

జీపు మరలివచ్చుటకు రెండుగంటలకు పైగా పట్టినది. మా రైలు పోయినది. తుదకు అనంతగిరి మీదుగా దిగు బస్సొకటి పట్టుకొని రాత్రికి శృంగవరపుకోటలో ఒక సత్రమున దిగితిమి. మఱునాడు డ్రైవరుకు ఫోను చేయగా, ఆడుపిల్ల పుట్టినదనియు, తల్లి కులాసాగా నున్నదనియు చెప్పెను. శాలువ సంగతి అత్తగారు మరల నెత్తలేదు.

మనము వేడుకకై నడచు బాటలు ఈ విధముగా నడువబడుచున్నవని తెలియకుండ ఆ కొండలకు పోరాదని నాకు తోచినందుననే యిది వ్రాసితిని. అవి ఎవరో విహారులకై వేసినవి కావు. బగతలు, కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, కొటియాలు సంతకును, నీటికిని, పోడుచేలకును, ఆసుపత్రికిని నడచి నడచి చేసినవి. ప్రభుత్వమువారు 2018లో ద్విచక్రవాహనములకు పడకబండి తగిలించిన ఫీడరు అంబులెన్సులను మన్యములో ప్రవేశపెట్టిరి. నెలలు నిండిన స్త్రీలను ముందుగనే దింపి పోషించుటకు గర్భిణీ వసతిగృహములు నెలకొల్పిరి. 2025 ఏప్రిలులో 'అడవితల్లి బాట' యను పేరున డుంబ్రిగూడ మండలములో ప్రారంభమైన పథకము వేయికోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో కొండశిఖరముల గూడెములకు రోడ్లు వేయ నుద్దేశింపబడినది. రోడ్డు పడిన గూడెమునకు డోలీ యక్కరలేదు. పడని గూడెమునకు నేటికిని డోలీయే గతి. కాలిబాట చెడకుండ నుండుటయే సొగసని, రోడ్డు పడిన కొండ యందము పోవునని విహారులు వ్రాయుట నేను చదివితిని. ఆ వ్రాసినవారిని నొప్పులతో నొకసారి డోలీలో పడుకొనబెట్టి దింపవలెను.

అట్లని ఈ కొండలకు రోడ్డు ఎల్లప్పుడును మేలే చేసినదని గాదు. చలికాలమున మంచు చూచుటకు లంబసింగి పోవువారు నర్సీపట్నము నుండి ఘాటురోడ్డు నెక్కుదురు. నర్సీపట్నమునుండి చింతపల్లి వైపు కొండలమీదుగ రోడ్డు వేయుటకై తెల్లదొరల కాలమున గూడెము డిప్యూటీ తహసీలుదారైన బాస్టియను మన్యమువారిచేత చాలీచాలని కూలికి వెట్టి చేయించెను. అడవి చట్టములు పోడును, కట్టెపుల్లలను నిషేధించియుండెను. ఆ కడుపుమంటయే అల్లూరి సీతారామరాజుగారి పితూరీకి బలమైనది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై ఆయన దండెత్తెను. 1924 మే 7వ తేదీన కొయ్యూరుచెంత ఆయనను కాల్చి చంపిరి. నేడు రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరము చేరు 516ఈ జాతీయ రహదారి ఆ యూళ్ళనే తాకుచు పోవుచున్నది. పిల్లలు వెంటనున్నచో ఆ యూళ్ళ పేర్లు వచ్చినపుడు ఈ కథ చెప్పుడు. కిటికీలోనుండి చూచునది వారికి వేఱుగా కనబడును.

ఇక బస్సుల మాట. విశాఖపట్టణము ద్వారకా బస్సుస్టేషను, దానినే ఆర్టీసీ కాంప్లెక్సు అందురు, అచటినుండి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు బస్సులు నడచును. 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీశక్తి పథకము ప్రారంభమైనప్పటినుండి మన రాష్ట్రపు స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు వెల లేదు. ఆధారుకార్డువంటి గుర్తింపుపత్రము చూపి సున్నా టిక్కెట్టు తీసికొనవలెను. ఇది కేవలము సొమ్ము సంగతి కాదు. "డబ్బు దండుగ, ఇప్పుడెందుకు" అను మాట యింట వినని స్త్రీ యెవరు? ఆ మాట కిపుడు సగము పస తగ్గినది. మా వీధిలోని నలుగురు ఇల్లాండ్రు ఈ శీతకాలమున భర్తల సెలవుకొఱకు ఎదురుచూడక తమలో తాము కూడి అనంతగిరి పోయివచ్చిరి. సెలవురోజులలో మాత్రము బస్సులు క్రిక్కిఱిసియుండును. ఘాటుదారిలో నిలువబడి పోవుట కూడదు. వారము నడుమ పోవుడు. రెండవ బస్సుకైనను కూర్చుండు చోటు చూచుకొని యెక్కుడు.

కారులో పోవువారు శృంగవరపుకోటలోనే పెట్రోలు నింపించుకొనవలెను. అచటనుండి కాశీపట్నము దాటిన పిమ్మట మలుపులు మొదలగును. ఎక్కు బండికి దిగు బండి దారి యియ్యవలెనన్నది ఘాటు మర్యాద. దిగునపుడు ఇంజను నాపి జాఱవిడుచుట ప్రాణాంతకము. ఎక్కుటకు వాడిన గేరుననే దిగవలెను, లేనిచో బ్రేకులు కాగి పట్టుతప్పును. చీకటిపడిన పిమ్మట మంచు క్రమ్మి రెండు బారల ముందు గూడ కనబడదు. కడుపులో త్రిప్పువారికి ముందుసీటు, ఖాళీ కడుపునకు బదులు రెండు ఇడ్డెనలు, చేతిలో నిమ్మకాయ. గాలికొండ చూపుచోటున అందఱును దిగి ఫోటోలు తీయుదురు గాని, అంతకు దిగువనున్న కాఫీతోటలను చూచువారు తక్కువ. వెండి ఓకు చెట్ల నీడను కాఫీ, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగె. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2017లో పారిసు నగరమున దాని అంగడియు తెఱచిరి. కార్తీకము మొదలు పుష్యము వఱకు పండ్లు ఎఱ్ఱబాఱియుండును. బాటప్రక్కనున్న తోట అడవిసొత్తని భ్రమపడి పండ్లు త్రుంచరాదు. అవి ఒక్కొక్క కుటుంబపు సంవత్సరపు రాబడి.

అరకులో దిగినవారు నడకకొఱకు తఱచుగా మాడగడ కొండ కెక్కుదురు. తెల్లవాఱకముందు పోయినచో లోయనిండ మబ్బు పాలకడలివలె పఱచియుండును. ఇంకను పెద్ద మబ్బుకడలి చూడగోరువారు పాడేరు చేరవలెను. అరకునుండి డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరునకు బస్సులున్నవి. నడుమ చాపరాయివద్ద నీరు నున్నని బండమీద పఱచుకొని జాఱును. చూచుటకు అమాయికముగా నుండును గాని, నాచు పట్టిన రాయి. వానకాలమున అచట ప్రాణములు పోయినవి. పిల్లల చేయి విడువకుడు. పాడేరునకు కొలది మైళ్ళలో వంజంగి కొండ. ఊరినుండి జీపులు, ఆటోలు కొండ మొదలు వఱకు తెల్లవాఱుజామున నాలుగింటికే బయలుదేఱును. పిమ్మట నిట్టనిలువు నడక. కార్తీకమునుండి మాఘము వఱకు మంచి ఋతువు. కొండమీద గుడారములలో బస యిత్తురు గాని, స్త్రీలే పోవునపుడు పాడేరు ఊరిలో గది తీసికొని తెల్లవాఱుజామున పోవుట మేలు. గుడారముల చెంత మరుగుదొడ్ల వసతి చాలదు.

ఈ మాట యెవరును వ్రాయరు గనుక నేనే వ్రాయవలసివచ్చినది. కొండనడక మొదలగు చోట్ల పెక్కింట స్త్రీలకు మరుగుచోటుండదు. దానిని తలంచి నీళ్ళు త్రాగుట మానుకొని తలనొప్పి తెచ్చుకొన్నవారిని చూచితిని. రైల్వేస్టేషను, బస్సుస్టేషను, హోటలు, వీనిలో చివరిదానిని వదలక వాడుకొని, తరువాత నీళ్ళు సమృద్ధిగా త్రాగి నడువవలెను. నెలసరి దినములు దగ్గఱపడినచో కావలసినవన్నియు, వాడిన వానికి మూతగల సంచియు వెంట నుండవలెను, కొండలో పాఱవేయరాదు. ఆఱుగజముల చీర కుచ్చిళ్ళు రాళ్ళదారిలో కాళ్ళకు అడ్డుపడును. మన్యపు స్త్రీలు మోకాలిక్రిందికి బిగించి కట్టుకొనుట ఊరక కాదు. సల్వారో, కురచగా కట్టిన నూలు చీరయో మంచిది. పట్టుగల జోళ్ళు తొడుగుడు. వానకాలమున జలగలు పట్టును. ఉప్పు దగ్గఱ నుంచుకొనవలెను. మన్యపు చలిజ్వరమునకు నేటికిని పేరున్నది గావున రాత్రి దోమతెర వలదనరాదు.

తిండికి పులిహోర, దద్ధ్యోదనము చాలును. దారిప్రక్కన వెదురుబొంగులో కూరి కాల్చిన కోడిమాంసమునకు మంచి గిరాకి. మా యింట తినము గాని, ఆ పొగ వాసనకు మా అబ్బాయి మెడ త్రిప్పి త్రిప్పి చూచుట నేను గమనించితిని. ఫోను సంకేతములు కొండలో చాలచోట్ల అందవు. పోవు బండి, వచ్చు బండి, బస, డ్రైవరు, వీని వివరము కాగితముమీద వ్రాసి ఒక ప్రతి యింట నుంచి బయలుదేఱుడు. నడకకు ఆ గూడెపు యువకుని ఒకనిని తోడు తీసికొని కూలి ముందే నిర్ణయించుకొనుడు. అడుగకుండ ఆడువారిని, పిల్లలను ఫోటో తీయకుడు. సంతరోజున కొండదారి జీపులు నిండిపోవును. ఆనాడు మనము కొన్న జీపులో చోటున్నచో, తట్టతో చేయి యెత్తినవారికి డ్రైవరు బండి ఆపును, ఆపనిండు.

మరలుటకు వచ్చిన దారియే యక్కరలేదు. పాడేరులో నున్నవారు ఘాటు దిగి చోడవరము మీదుగా విశాఖకు పోవచ్చును. ఆ బస్సులు మధ్యాహ్నము వఱకు తఱచుగాను, సాయంకాలము పలుచగాను నుండును గనుక వంజంగి దిగి, ఫలహారము చేసి, పది గంటలకెల్ల బస్సెక్కుట సుఖము. మాడుగుల మీదుగా పోవు బస్సైనచో అచట హల్వా దొరకును. గోధుమపాలతో కాచిన ఆ హల్వా నాలుగు దినములు నిలువయుండును. అరకు రైలులోనే పోయి రైలులోనే మరలినవారి కిది దొరకదు. మా అత్తగారికి ఈసారి కొండకన్న నదియే యెక్కువ నచ్చినది. అర్ధసేరు కొని, పావుసేరు దారిలోనే పంచిపెట్టిరి.